నాయనను కలిపిన తావు

ఏదో ఒక చోటు చూపిస్తే పోలా, సముద్రమంతా ఒకటే కదా, లంక ఓడలు ఆగే ఆ రేవు దగ్గరో, వలలు ఆరేసిన ఈ ఇసుక ముందో, అమ్మకేం తెలుస్తుంది అనుకుంటూ నల్లప్ప రామేశ్వరం ఒడ్డున తల్లి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు, రైలు దిగినప్పటి నుంచీ ఓబమ్మది ఒకటే పోరు, యాడ కలిపినావురా మీ నాయన్ని, ఆ తావు సూపీ, మొక్కుకుంటా, ముందు నడుస్తున్న, తమ ఊరు తనకల్లు నుంచి వచ్చిన యాత్ర జనంలోంచి తిప్పయ్య వెనక్కి తిరిగి, ఏమప్పా, నీకు తెలిసిన ఊరే కదా, దోవ సూపియ్యి అంటాడు, తెలిసిన ఊరట, ఖర్మ, పదేళ్ళ కిందట, ఆ కరువు ఏడు, రామేశ్వరం సముద్రంలో కలిపి రమ్మని నాయన ఎముకల కుండ అమ్మే తన చేతుల్లో పెట్టింది, మూడు బావులు తవ్వి మూడింట్లోనూ బండే చూసిన మనిషి, పోయే ముందు, నన్ను నిండా నీళ్ళుండే తావులో కలపండి అని ఒక్కటే అడిగాడు, ఆ ఒక్కటీ నల్లప్ప చేయలేదు.

భయం, అంతే, అరవ దేశం, తెలియని భాష, సముద్రం మీద వంతెన, ఇరవై ఆరేళ్ళ మగవాడు కదిరిలో రైలెక్కకుండా తాడిపత్రి బస్సెక్కాడు, పెన్నలో చుక్క నీరు లేదు, ఇసుక తవ్వి కుండ పూడ్చాడు, పది రోజులు బండల పాలిష్ పనిలో తలదాచుకుని, సముద్రంలో కలిపొచ్చానంటూ ఊరికి పోయాడు, థూ, మనిషి పుట్టుకేనా, ఇక్కడ అమ్మ అప్పుడే సముద్రంలో మోకాళ్ళ లోతుకు దిగింది, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట పోసుకుంది, ముఖం ముడుచుకుంది, ఇదేమిరా ఇంత చేదుండాది, అప్పుడు నువ్వు సీసాలో తెచ్చిన నీళ్ళు వట్టి ఉప్పగా ఉండె కదా, నల్లప్పకు తెలుసు, ఆ సీసాలో తాను పోసింది కొళాయి నీళ్ళు, గుప్పెడు ఉప్పు, ఊళ్ళో ఎవరూ సముద్రం రుచి ఎరగరు, చుక్క చుక్క తీర్థమని పుచ్చుకున్నారు, అమ్మ కళ్ళకద్దుకుంది, ఇప్పుడు అడుగుతుంది, అడిగితే ఏం చెప్పాలి, అడగలేదు, మీ నాయన కలిసిన నీళ్ళు కదా, అందుకే చేదెక్కింటాది అని తానే సర్దిచెప్పుకుంది.

ఆమె అలల వైపు తిరిగింది, ఏమయ్యా, దప్పి తీరిందా, కొడుకు నీ మాట నిలబెట్టినాడు సూడు, ఇంగ నీకు నీళ్ళ కరువు లేదులే, నల్లప్పకు అక్కడే చచ్చిపోవాలనిపించింది, చచ్చినవాడితో అబద్ధమాడానని ఇన్నాళ్ళు ఏడ్చాడు, కాదు, మోసపోయింది బతికున్న అమ్మ, వట్టి నీళ్ళతో మాట్లాడుతోంది, వినేవాడు పెన్న ఇసుకలో ఎండుతున్నాడు, అమ్మా, నాయన ఈడ లేడు అన్నాడు, ఓబమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది, ఏమంటివి నాయనా, గాలికి ఇనపడలా, తిప్పయ్య కూడా ఇటే వస్తున్నాడు, మాట మార్చేయొచ్చు, ఇప్పుడు మారిస్తే అమ్మ చచ్చేదాకా ఈ నీళ్ళకే మొక్కుతుంది, ఊరంతా ఉమ్మేసినా సరే, నాయన్ని ఇంకా ఆ ఇసుకలో ఉంచడం కంటే ఈ సిగ్గే నయమనిపించింది, నల్లప్ప మోకాళ్ళ లోతుకు దిగి, తల్లి రెండు చేతులూ పట్టుకుని, మళ్ళీ చెప్పాడు.