చిలగడదుంపలు కాలేలోపు

నిమ్మకాయల కోసం కొట్టుకు వెళ్లి తిరిగొచ్చిన ఒనేలియా వంటింటి గడప దగ్గరే కొయ్యబారిపోయింది. బల్ల నిండా గిన్నెలు. అన్నం వండే పెద్ద గిన్నె, దాని మీద రెండు మూకుళ్లు, వంకరపోయిన మూతలు, పిడి ఊడిన పెనం, ఏ కాలంవో కేకు రేకులు, ఓవెన్‌లో ఉండాల్సినవన్నీ బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాయి. ఓవెన్ అడుగున మంట నీలంగా వెలుగుతోంది.

బనీ ఊళ్లో ఏ ఇంట్లోనూ ఓవెన్ వెలిగించరు. పొయ్యి కొంటే దానితో పాటు వస్తుంది కాబట్టి ఉంటుంది, ఖాళీగా ఉండటం దేనికని గిన్నెలు సర్దుతారు. ఒనేలియా ఇంట్లో ఈ పొయ్యి వచ్చి పన్నెండేళ్లయింది. ఓవెన్ వెలిగించింది కొన్న రోజున ఒక్కసారే, అదీ కొట్టువాడు మోసం చేశాడేమోనని చూడటానికి. బీరువాలు, అలమరలు, మంచం కింద పెట్టెలు, అన్నీ మొగుడు కెలికేస్తాడు గానీ గిన్నెల జోలికి మాత్రం చచ్చినా రాడు. ఆ ధైర్యంతోనే ఆమె తన ప్రాణాన్ని తీసుకెళ్లి ఓవెన్‌లో గిన్నెల వెనక దాచుకుంది.

ప్రాణమంటే ఒక బిస్కెట్ల రేకు డబ్బా. అందులో పాత చేతిగుడ్డలో చుట్టిన అమ్మ ఫోటో. లోకంలో అమ్మకున్నది ఆ ఒక్క ఫోటోనే. అది ఇంకా ఉందని ఒనేలియాకి తప్ప పురుక్కి కూడా తెలియదు. నలభై ఏళ్ల కిందట పెద్ద తుఫానులో ఇంటి కప్పుతో పాటు ఎగిరిపోయిందని ఊరందరికీ చెప్పింది. అందరికంటే ముందు, ఇప్పుడు ఓవెన్ ముందు నిలబడి చేతులు తుడుచుకుంటున్న చెల్లెలు జునిల్దాకి చెప్పింది.

"ఏంటక్కా అలా నిలబడిపోయావ్? నేనే, దెయ్యాన్ని కాదు" అంది జునిల్దా. "పొద్దున్నే బస్సు దొరికింది. నువ్వు లేవు, బావ తలుపు తీశాడు."

"ఏం... ఏం చేస్తున్నావే?"

"చిలగడదుంపలు. వేపుడు ముట్టుకోవద్దని డాక్టరు అన్నాడుగా. మా పక్కింటావిడ చెప్పింది, తొక్క తీయక్కర్లేదట. శుభ్రంగా కడిగి, ఫోర్కుతో నాలుగు పోట్లు పొడిచి, నూనె, ఉప్పు పూసి ఓవెన్‌లో పెట్టి మర్చిపోవడమేనట. నీ మేకమాంసంలోకి బాగుంటాయి. గంట పడుతుంది."

ఒనేలియా కళ్లు బల్ల మీద గిన్నెలన్నిటినీ ఒక్కొక్కటే తడిమాయి. డబ్బా లేదు. మళ్లీ మొదటి నుంచి చూసింది. పెనం కింద లేదు, కేకు రేకుల మధ్య లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

వసారాలో ఊగుడు కుర్చీలోంచి మొగుడు ఎలీహియో కేకేశాడు. "చూశావా ఒనేలియా, మరదలు వచ్చీ రాగానే ఇంటికి నిప్పెట్టింది!"

"నీ నోరు పడ!" అంది ఒనేలియా. ఎప్పుడూ ఆ మాట నవ్వుతూ అనేది. ఇవాళ నవ్వు రాలేదు.

డబ్బా కనిపించకపోవడానికి రెండే కారణాలుండాలి. చీకట్లో, మూలలో కనపడక లోపలే ఉండిపోయి ఇప్పుడు కాలుతూ ఉండాలి. లేకపోతే జునిల్దా చేతిలో పడి ఉండాలి. ఏది జరిగిందో అడుగుదామంటే, అడగడమంటే ఒప్పుకోవడమే.

ఆమె అంత చెడ్డదేం కాదు. అమ్మ పోయేనాటికి ఒనేలియాకి పదహారు, జునిల్దాకి నాలుగు. నాన్న అప్పటికే లేడు. మూడేళ్లు ఆ పిల్లని చంకన వేసుకు తిరిగింది. తర్వాత తుఫానొచ్చి ఇల్లు నేలమట్టమైతే, రాజధానిలో ఉన్న మేనత్త వచ్చి, చిన్నదాన్ని నేను పెంచుకుంటానని చెయ్యి పట్టుకు తీసుకుపోయింది. పోతూ పోతూ, మీ అమ్మ ఫోటో దీనికివ్వవే, నీకైతే ముఖం గుర్తుంటుంది, దీనికి గుర్తుండదు అంది. ధర్మమైన మాట. అప్పటికి ఫోటో ఒనేలియా జాకెట్టులో, గుండెకి ఆనుకుని ఉంది. అమ్మ పోయింది, ఇల్లు పోయింది, చంకలో పిల్ల పోతోంది, ఇది కూడా ఇచ్చేస్తే ఇంకేం మిగులుతుందనిపించింది ఆ పందొమ్మిదేళ్ల పిల్లకి. కప్పుతో పాటు ఎగిరిపోయిందత్తా అనేసింది. ఏడేళ్ల జునిల్దా వెక్కి వెక్కి ఏడ్చింది. కన్నీళ్లు తుడిచింది ఒనేలియానే.

వచ్చే ఏడు చెబుదాం అనుకుంది. ఆ వచ్చే ఏడు నలభై ఏళ్లు రాలేదు. ఎలా చెబుతుంది? ఒకటో ఏడు చెబితే తిట్లతో పోయేది. పదో ఏడు చెబితే రాకపోకలు పోయేవి. నలభయ్యో ఏడు చెబితే ఏం పోతుందో ఆలోచించే ధైర్యం కూడా ఆమెకి లేదు. జునిల్దా నెలకో ఆదివారం రాజధాని నుంచి బస్సెక్కి వస్తుంది, తింటుంది, నవ్విస్తుంది, సాయంత్రం వెళ్లిపోతుంది. ఒనేలియాకి పిల్లల్లేరు. ఆ ఆదివారం కోసమే ఆమె నెలంతా బతుకుతుంది.

"జునీ, ఆ ఓవెన్ కట్టేసెయ్యవే" అంది, గొంతు మామూలుగా పెట్టడానికి నానా తంటాలు పడుతూ. "పాతది. గ్యాస్ కారుతుంది."

"కారడం లేదు. వాసన చూశాగా."

"ఉడకబెట్టుకుందాం. పావుగంటలో అయిపోతాయి."

"ఉడకబెడితే సప్పగా ఉంటాయక్కా. కాలిస్తేనే తీపి. ఎందుకంత కంగారు? కూర్చో."

ఒనేలియా కూర్చోలేదు. ఓవెన్ దగ్గరికి వెళ్లి పిడి మీద చెయ్యి వేసింది. జునిల్దా వచ్చి ఆ చేతిని మెల్లగా పక్కకి తీసింది.

"తెరవకు. వేడి పోతుంది."

చెల్లెలి ముఖంలోకి చూసింది ఒనేలియా. ఇప్పుడే కడుక్కున్నట్టు తడిగా ఉంది. కళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి. బస్సులో నిద్రలేదేమో, ఉల్లిపాయలు తరిగిందేమో. ఏదైనా కావచ్చు.

"అక్కా" అంది జునిల్దా. "లోపల ఇంకేమైనా ఉండిపోయిందా? చీకటిగా ఉంది, నాకు సరిగ్గా కనపడలేదు."

చేతికందిన అవకాశం అది. ఉందే తల్లీ, తీసెయ్ అంటే చాలు. ఒక్క మాట. కానీ నలభై ఏళ్లుగా ఒకే జవాబుకి అలవాటు పడ్డ నోరు ఆమె మాట వినలేదు.

"ఏముంటుందే? గిన్నెలేగా" అంది ఒనేలియా.

అన్న మరుక్షణం తన మాట తనకే వినిపించింది. లోపల అమ్మ కాలిపోతుంటే, ఏమీ లేదంది. జునిల్దా తల ఊపి, కుర్చీ లాక్కుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒనేలియా బియ్యం కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. గోడ గడియారంలో ముల్లు కదలడం మానేసిందేమో అనిపించింది.

"అమ్మ కూడా కాల్చేదా దుంపలు?" అని అడిగింది జునిల్దా కాసేపటికి.

"కాల్చేది. కట్టెల పొయ్యిలో, బూడిద కింద కప్పెట్టి. నీకు ఊది ఊది పెట్టేది."

"అమ్మ ఎలా ఉండేదక్కా?"

జునిల్దా ఈ ప్రశ్న ఏడాదికోసారైనా అడుగుతుంది. ఒనేలియా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "నీలాగే ఉండేది" అంది.

జునిల్దా సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని అక్క వైపు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు పొగ వచ్చింది. ముందు సన్నగా ఓవెన్ తలుపు సందులోంచి, తర్వాత నల్లగా. మాడిన పంచదార వాసన, దాని వెనకే కాగితం కాలిన వాసన. కాగితందో కాదో గానీ ఒనేలియా ముక్కుకి కాగితం వాసనే వచ్చింది. ఇంక ఆమె ఆగలేకపోయింది. చేతిలో బియ్యం గిన్నె జారి నేలంతా చిందిపోయింది. తలుపు లాగింది. వేడి సెగ ముఖాన కొట్టింది. లోపల రేకు మీద ఆరు చిలగడదుంపలు, పొడిచిన చోటల్లా పాకం కారి అడుగున పడి మాడుతోంది. ఒనేలియా గుడ్డ అయినా పట్టుకోకుండా వట్టి చేతులు లోపలికి పెట్టి రేకు లాగేసింది. దుంపలు దొర్లి కింద పడ్డాయి. మళ్లీ చేతులు పెట్టి మూలలన్నీ తడిమింది, చర్మం చుర్రుమంటున్నా తడిమింది.

"ఏంటక్కా! చేతులు!"

"అమ్మ!" అని అరిచింది ఒనేలియా. "అమ్మే! లోపలుంది! ఫోటో పోలేదే జునీ, తుఫానులో పోలేదు, నా దగ్గరే ఉంది, ఇక్కడే పెట్టాను, కాలిపోయిందే! అమ్మ కాలిపోయింది!"

ఊగుడు కుర్చీ ఆగిన చప్పుడైంది. ఎలీహియో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెళ్లాంతో ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురం చేశాడు. ఏటా అత్తగారి తద్దినం నాడు చర్చిలో ప్రార్థన చేయించి, ఒక్క ఫోటో అయినా మిగల్లేదయ్యా అని ఆమె ఏడిస్తే ఓదార్చినవాడు.

జునిల్దా లేచి ముందు ఓవెన్ కట్టేసింది. అక్క భుజాలు పట్టుకుని లేపి, కుళాయి తిప్పి, బొబ్బలెక్కుతున్న చేతుల్ని నీళ్ల కింద పెట్టింది. ఆ పని అయ్యాక బల్ల దగ్గరికి వెళ్లి సంచి తెరిచి, రేకు డబ్బా తీసి గిన్నెల మధ్య పెట్టింది.

ఒనేలియా దాన్ని చూసింది. కాలలేదు. అమ్మ కాలలేదు. ఆ సంతోషం ఒక్క క్షణమే. తర్వాత సిగ్గు నెత్తిన పడింది.

"నువ్వు... నీ దగ్గరే పెట్టుకుని..."

"గంట టైమిచ్చాను" అంది జునిల్దా. "దుంపలు కాలేలోపు నీ నోటితో నువ్వే చెబుతావేమోనని కూర్చున్నా. అడిగాను కూడా. లోపల ఏమైనా ఉందా అని. ఏముంటుందే అన్నావు."

"చెబుదామనే..."

"చెప్పలేదు. కాలిపోతోందనుకుని చెప్పావు. పొగ రాకపోతే నాకు అన్నం పెట్టి, సాయంత్రం బస్సెక్కించి, చెయ్యూపేదానివి."

నీళ్లు చేతుల మీద పడుతూనే ఉన్నాయి.

"ఏడేళ్లదాన్నప్పుడు అడిగింది నేను కాదు, అత్త" అంది జునిల్దా. "నన్నడిగి ఉంటే, నువ్వే ఉంచుకో, వచ్చినప్పుడల్లా చూపించు చాలు అనేదాన్ని. చూపించు చాలు, అంతే కదే! అమ్మ ఎలా ఉండేదంటే నీలాగే అనేదానివి. నిజమనుకుని అద్దంలో వెతుక్కున్నాను. జడ వేసుకుంటూ ఈ ముక్కు అమ్మదేనేమో, ఈ గడ్డం అమ్మదేనేమో అని. నా పెళ్లిరోజు కూడా అద్దం ముందు నిలబడి అమ్మకి చెప్పుకున్నాను. ఇందాక డబ్బా తెరిచి చూసి ఏమనుకున్నానో తెలుసా? ఇది నీ ఫోటో అనుకున్నాను."

ఒనేలియా తల వంచుకుంది.

"ప్రమాణం చేస్తున్నా. అక్క ఫోటో ఇక్కడెందుకుంది అనుకున్నా. వెనక్కి తిప్పి పేరు చదివాక గానీ తెలియలేదు. అవే కళ్లు. అదే నుదురు. నవ్వితే మూతి ఒక పక్కకి పోతుందే నీకు, అది కూడా అలాగే. నాలాంటిదొక్కటీ లేదు. నేను నాన్న పోలికే అయ్యుండాలి."

ఎలీహియో ఒకడుగు ముందుకేసి డబ్బా వైపు చెయ్యి చాచాడు. మూత తీసి, చేతిగుడ్డ విప్పి, ఫోటో కాంతికి పట్టుకుని చూశాడు. తర్వాత పెళ్లాం వైపు చూశాడు. మళ్లీ ఫోటో వైపు చూశాడు. "దేవుడా" అన్నాడు. ఫోటో మరదలి చేతికిచ్చి, నేల మీద చెదిరిన బియ్యం ఊడవడానికి చీపురు తీసుకున్నాడు. అతను చీపురు పట్టడం ఆ ఇంట్లో అదే మొదలు.

"ఇది నేను తీసుకుపోతున్నా" అంది జునిల్దా. "నీకు అద్దముంది. నాకిది కావాలి."

"తీసుకుపో" అంది ఒనేలియా. "మళ్లీ వస్తావా?"

జునిల్దా నేల మీద దుంపలు ఏరి, దుమ్ము దులిపింది. ఒకదాని తొక్క ఒలిచింది. లోపల తెల్లగా, మెత్తగా ఉడికి, అంచుల్లో పాకం బంగారు రంగు తిరిగి ఉంది. ముక్కలు చేసి, కాస్త ఉప్పు చల్లి, మేకమాంసం పులుసు పక్కన పెట్టి పళ్లెం అక్క ముందుకి తోసింది. ఒనేలియా చేతులు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి, చెంచా పట్టుకోలేకపోయింది. జునిల్దా కుర్చీ దగ్గరికి జరుపుకుని ముక్క తీసి ఊదింది.

"నోరు తెరువు. కోపం పోయిందనుకోకు. పోలేదు. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు."

ఒనేలియా తల వంచుకునే తింది. కన్నీళ్లు పళ్లెంలో పడ్డాయి. రెండో ముక్కకి జునిల్దా చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"తల ఎత్తవే అక్కా" అంది. "చూడనీ."

ఒనేలియా తల ఎత్తింది. జునిల్దా చాలాసేపు చూసింది.