మైకు ముందు నా గొంతు

మా బడిలో ఉదయం ప్రార్థనకు పిల్లలు బయట వరుసలు కట్టరు. ఎవరి క్లాసులో వాళ్లు లేచి నిలబడతారు. ఆఫీసు పక్కనున్న చిన్న గదిలో హెడ్మిస్ట్రెస్ సిస్టర్ మైకులో చదువుతారు. అది ప్రతి క్లాసులోనూ స్పీకరులోంచి వినపడుతుంది. ఏడాదిగా ఆవిడ గొంతు వణుకుతోంది. "ప్రభువా" అన్న మాట మూడు ముక్కలయ్యేది.

నేను సైన్సు టీచర్ని. ఎవరి గొంతునైనా అచ్చు గుద్దినట్టు దించుతానని నాకు పేరు. ఆ పేరంటే నాకు తగని పొగరు.

ఆ సోమవారం ప్రార్థన కాగానే లెక్కల టీచరూ నేనూ మైకు గదిలోకి వెళ్లాం. సిస్టర్ అప్పుడే బయటికి వెళ్లారు.

"ఏదీ, ఒక్కసారి ఆవిడలా చదువు," అంది లెక్కల టీచర్.

అడిగిందే తడవు కుర్చీలో కూర్చున్నాను. "ప్ర...భు...వా, ఈ పేపర్లు దిద్దే ఓ...పిక మాకివ్వు."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వు ఆగాక కూడా నవ్వు వినపడుతూనే ఉంది, వరండా పొడవునా ప్రతి క్లాసులోంచీ. మైకు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

సిస్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. కళ్లజోడు మర్చిపోయారట. తీసుకుని వెళ్లిపోయారు. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోయేదాన్ని.

మంగళవారం స్పీకరు పలకలేదు. బుధవారమూ అంతే. పిల్లలు ముందు స్పీకరు వంక, తర్వాత నా వంక చూశారు. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క ఉదయం కూడా మానలేదని అటెండరు నేనడక్కుండానే చెప్పి పోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఇక చదవకపోతే ఆ నోరు నొక్కింది నేనే.

సాయంత్రం ఆవిడ గదికి వెళ్లాను.

"తప్పయిపోయింది సిస్టర్. రేపు మీరే చదవాలి."

"ఇది నరాల జబ్బమ్మా. తగ్గదన్నారు," అన్నారావిడ, బల్ల మీద కాగితాలు సర్దుతూ. "పిల్లలు నవ్వట్లేదు కదా, లాక్కొద్దాం అనుకున్నా. ఇప్పుడు నవ్వుతారు."

ఆవిడ ప్రార్థన కాగితం తీసి నా చేతిలో పెట్టారు.

"రేపు నువ్వు చదువు. నీ గొంతుతోనే. నేను పక్కన కూర్చుంటా."

గురువారం ఎర్ర దీపం వెలిగింది. కాగితం పట్టుకుని నోరు తెరిచాను. మూడు రోజుల సిగ్గంతా గొంతుకు అడ్డం పడింది.

"ప్ర...భు...వా."

ఒట్టు, నేను అనుకరించలేదు. వరండా అంతా గొల్లుమంది. సిస్టర్ తల దించుకున్నారు.

"నిజంగానే వణుకుతోంది సిస్టర్," అన్నాను, మైకు సంగతి మర్చిపోయి. ఆ మాటా వణుకుతూనే వచ్చింది. పిల్లలు ఇంకా గట్టిగా నవ్వారు.

ఆవిడ నా చేతిలో కాగితం వంక చూశారు. అదీ వణుకుతోంది. మైకు తన వైపు లాక్కున్నారు.

"న...వ్వకండమ్మా. టీచర్‌కి భ...యంగా ఉంది."

ఏ క్లాసులోంచీ చప్పుడు లేదు. సిస్టర్ మైకు మళ్లీ నా ముందుకు జరిపి, రెండో లైను మీద వేలు పెట్టారు. మిగతాదంతా నేను ఆ వేలినే చూస్తూ చదివాను. ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేదు.