ఊరికే కూర్చునే ఉద్యోగం

"మంచం పక్కన ఎనిమిది గంటలు ఊరికే కూర్చుంటే దాన్ని ఉద్యోగమంటారా? పైగా ఫోన్ కూడా ఆపేయాలట!" భర్త ఈ మాట అనడం పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

"మా రోజుల్లో ఊరికే కూర్చుంటే చీవాట్లు పెట్టేవాళ్ళు. ఇప్పుడు జీతమిస్తున్నారా? అయితే నన్నూ చేర్పించవే అమ్మాయ్," అంది అత్తగారు.

"నువ్వు మాట్లాడకుండా కూర్చోవాలి నానమ్మా. నీవల్ల కాదు," అంది కూతురు.

గిన్నెలు తోముతున్న ఇల్లాలికి నవ్వాగలేదు. ఇరవై ఏళ్ళుగా నర్సు. రెండు నెలల క్రితం ఆసుపత్రిలో తాత్కాలికంగా ఒక మందు పరిశోధనకి వేశారు. మామూలు మాత్రలతో దిగులు తగ్గనివాళ్ళకి, ఒక రకం పుట్టగొడుగుల్లో ఉండే పదార్థంతో చేసిన మందు ఇచ్చి చూస్తారు. మందు పనిచేసినంతసేపూ పక్కన ఒక మనిషి ఉండాలి. సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, అడిగితే చెయ్యందించాలి. ఇప్పుడు ఆ పనిలోనే ఉండిపొమ్మంటున్నారు. ఇంట్లోవాళ్ళేమో పాత వార్డుకి పొమ్మంటున్నారు. వార్డులోనైతే ఫోన్ ఎత్తుతుంది కదా!

"మెదడులో 'నా తప్పే, నా గతి ఇంతే' అంటూ తిరగలిలా తిరిగే ఆలోచన కొన్ని గంటలు నెమ్మదిస్తుందనుకుంటున్నాం," అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. "ఎప్పుడూ పలకరించుకోని భాగాలు మాట్లాడుకుంటాయి. అందరికీ నయమవుతుందని చెప్పలేం. కొందరికి భయం వేస్తుంది. అందుకే పక్కన నువ్వు."

కిందటివారం వచ్చినావిడ బట్టలు కుడుతుంది. కళ్ళకి గంతలతో పడుకుని రెండు గంటలు ఏడ్చింది, తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. "ఇన్నేళ్ళూ నన్ను నేనే కురచగా కత్తిరించుకుంటూ వచ్చానమ్మా. ఇంకా బోలెడు గుడ్డ మిగిలే ఉంది," అంది. అక్కడి మాటలు ఇంట్లో చెప్పకూడదు కాబట్టి, ఊరికే కూర్చోవడమంటే ఏమిటో వీళ్ళకి వివరించే దారీ లేదు.

చెప్పగలిగినా చెప్పదేమో గాని, ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గదిలో మొదటి గంటంతా ఈవిడ బుర్రలో తిరగలి ఆగలేదు. పాలు తోడేశానా, అత్తయ్య కంట్లో చుక్కలు ఎవరు వేస్తారు, ఇస్త్రీ బట్టలు తెచ్చారా. ఆరో గంటలో ఎందుకో సద్దుమణిగినట్టనిపించి చూసుకుంటే, ఆ జాబితా లేదు! మందు మింగింది ఆవిడ, తెరిపిన పడింది తను. ఇరవై ఏళ్ళలో తన తల తనకొక్కదానికే మిగలడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఫోన్ తెరిస్తే పదిహేడు పిలుపులు. వాషింగ్ మెషిన్ తిరగడం లేదని. చివరికి మెకానిక్ వచ్చి, సరిగ్గా పడని తలుపును మోచేత్తో నొక్కి వెళ్ళాడట.

"అదే నేననేది! నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే ఆరోజు ఆ మెకానిక్ ఎందుకు?" అంటూ ఇప్పుడూ ఆ సంగతే ఎత్తాడు భర్త. "సరే, నిదానంగా ఆలోచించుకో. రేపు వద్దని చెప్పేద్దువుగాని."

ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, ముగ్గురికీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిన్ననే సంతకం పెట్టేశానండీ. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను దొరకను. ఏదన్నా అవసరమొస్తే, మీరు ముగ్గురున్నారు."