రెండు పేర్ల కోడలు

కోడలి నగలు దాచుకునే అత్తల గురించి సుశీల చాలా విన్నది. ఆమె అత్త బాలనర్సమ్మ నగల జోలికి పోలేదు పాపం, ఏకంగా పేరే తీసేసుకుంది.

తొంభై మూడులో, శామీర్‌పేటలో పెళ్ళి. మధుసూదన్ పేరుతో సుశీల పేరు పొసగడం లేదని ముహూర్తం పెట్టే అయ్యగారు అనగానే, "పొసగే పేరే పెట్టుండ్రి" అంది బాలనర్సమ్మ, చీర రంగు మార్చమన్నంత తేలిగ్గా. శుభలేఖ మీద చి.ల.సౌ. జానకీదేవి అచ్చయింది. బి.కాం. పాసైన సుశీల పుట్టింట్లోనే మిగిలిపోయింది.

పెళ్ళి రిజిస్టర్ చేయిద్దామని సుశీల తండ్రి అంటే వియ్యపురాలు నవ్వింది. "భూములకు జేస్తరు తమ్మీ రిజిస్ట్రేషన్, కోడండ్లకు జేస్తరా?"

ఆ పెళ్ళి తలుచుకుంటే సుశీలకు ముందుగా గుర్తొచ్చేది ద్రాక్షతోటలు. మేడ్చల్ దాకా దారి పొడుగునా అవే పందిళ్ళు. పెళ్ళివాళ్ళ ట్రాక్టర్ ఒక తోట దగ్గర ఆగితే, కాపలా తాత ఓ గుత్తి తెంపి పెళ్ళికూతురి ఒళ్ళో పెట్టాడు. మధుసూదన్ ఒక పండు నోట్లో వేసుకుని, మొహంలో ఏమీ కనిపించనీయకుండా "మస్తున్నయ్, తిను" అన్నాడు. ఆమె నమ్మి కొరికింది. చింతకాయ నయం. ఆమె మొహం చూసి అతను ట్రాక్టర్ అదిరేలా నవ్వాడు. భర్త చేతిలో మొదటి మోసం అదే. ఆ నవ్వు కోసం ఇంకో గుత్తి తినడానికైనా ఆమె సిద్ధమే.

ఆ నవ్వే ఇప్పుడు ఏడాదికోసారి సెలవు మీద వస్తోంది. మధుసూదన్ సింగపూర్ వెళ్ళి అయిదేళ్ళయింది. ఈ ఏడు అక్కడ శాశ్వత నివాసానికి అనుమతి వచ్చింది. భార్యను తీసుకెళ్ళి దగ్గర ఉంచుకోవచ్చు, పెళ్ళి సర్టిఫికెట్ ఉంటే. ఈ సెలవులో అది చేతికి రాకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

ముగ్గురూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు బయలుదేరారు. దారిలో ద్రాక్షతీగలు లేవు. వాటిని మోసిన రాతికడీలే ఇప్పుడు ప్లాట్లకు హద్దులు. బాలనర్సమ్మ పట్టుచీర కట్టి, భూముల పాసుపుస్తకాల సంచి చంకన పెట్టుకుంది.

"అవెందుకు అత్తమ్మా?"

"ఆఫీసుకు పోతున్నం పిల్లా. ఉత్త చేతులతోని పోతమా?"

అధికారి శుభలేఖ చూశాడు. "జానకీదేవి ఎవరు?"

"నేనేనండి."

"పాస్‌పోర్టులో సుశీల అని ఉంది."

"ఇద్దరూ ఒక్కటే సార్" అన్నాడు మధుసూదన్.

అధికారి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇద్దర్ని చేసుకున్నవాళ్ళు కూడా నాకు అదే చెబుతారు. పేరు మార్చిన పెద్దలెవరు? ఈవిడ అసలు పేరు సుశీల అనీ, జానకీదేవి పెళ్ళికార్డు కోసం పెట్టిందేననీ చెప్పి సంతకం చేస్తే చాలు."

"కార్డు కోసమా!" బాలనర్సమ్మ గొంతు లేచింది. "లగ్గం కోసం సారూ. గా పేరు బలంతోనే గీ సంసారం నిలవడ్డది. ఉత్తదని నేనెట్ల జెప్త? రేపు నా కొడుక్కేమన్నయితే?" విసురుగా బయటికి వెళ్ళి వరండా బల్ల మీద కూర్చుంది.

"అమ్మా, నీకు దండం బెడ్త" అని మధుసూదన్ వెంటపడ్డాడు. ఆమె సంచి గట్టిగా పట్టుకుంది, తల మాత్రం తిప్పలేదు.

సుశీల వెళ్ళి పక్కన కూర్చుంది. "పోనీ లెండి అత్తమ్మా. సుశీలనో ఎవరో సింగపూర్ పోతది. మీ జానకి మీతోనే ఉంటది, రోజూ మీ కాళ్ళకు నూనె రాసుకుంట."

"నాతోని పరాచికాలా?"

సుశీల నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "అయిదేండ్లాయె. ఆయన ఓ దిక్కు, నేనో దిక్కు. పండగకు ఫోన్ల మాట్లాడుకుంటం. గా పేరు నిలవెట్టిన సంసారం గిదేనా అత్తమ్మా?"

బాలనర్సమ్మ కోడలి వైపు చూసింది, గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూసింది. సంచి కోడలి ఒళ్ళో పడేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి నడిచింది. ప్లాట్ల కోసం వచ్చి కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూశారు.

"రాసుకోండ్రి సారూ" అంది, అందరికీ వినబడేలా. "గా పేరు నేనే మార్చిన. పేరుతోని సంసారం నిలవడ్తదనుకున్న. తప్పు నాదే."