చిప్పర్‌గా ఉన్నారట

ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసి, "మీ ఆయన ఈ పొద్దున మహా చిప్పర్‌గా ఉన్నారండీ, నవ్వుతున్నారు కూడా" అంది. ఫోన్ పెట్టేసి ఆ మాటే అక్కకి చెప్పాను.

"హుషారుగా ఉన్నాడంటే ఏడుపు ముఖం పెడతావేంటే?" అంది మా అక్క మ్యూరియెల్, రొట్టెకి వెన్న రాస్తూ.

మా యార్క్‌షైర్‌లో ‘చిప్పర్’ అనే మాట ఆరోగ్యంగా తిరిగేవాళ్ళ గురించి ఎవరూ అనరు. ఇక లేవరనుకున్నవాళ్ళు లేచి కూర్చుంటేనే అంటారు. అమ్మ గురించి అలాగే అన్నారు, మర్నాడే పోయింది. పైగా నా భర్త క్లిఫర్డ్ పెళ్ళి ఫొటోలో కూడా నవ్వని మనిషి.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆ నవ్వే కళ్ళముందు మెదిలింది. వార్డులో అతని మంచం చుట్టూ తెర వేసి ఉంది. దాన్ని పక్కకు లాగడానికి చెయ్యి రాలేదు.

"ఎవరది? తిన్నగా లోపలికి రాలేవూ?" అని లోపలినుంచి గొంతు. తెర లాగాను. "నువ్వా ఎడ్నా! ఆ నర్సుపిల్ల నవ్వితేగాని వదలనంది. పీడ పోతుందని ఓసారి పళ్ళికిలించాను. ఈ టీ చూడు, గిన్నెలు కడిగిన నీళ్ళు!"

మంచం అంచునే కూలబడ్డాను.

"నా కాలు మీద కూర్చున్నావే!" అని అరిచాడు.