మూడో గుడ్డు

ఆ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. వాటిలో తనదేదో ఆయనకు ఇంతవరకూ తెలియదు. పెళ్ళి చేసుకుని ఈ ఇంటికొచ్చి ఏడాది కావస్తున్నా, ఒకరోజు గోడ వైపు, ఒకరోజు కిటికీ వైపు, ఏది ఖాళీగా ఉంటే దాని అంచు మీద, బస్సులో ఇంకొకరి సీట్లో కూర్చున్నవాడిలా కూర్చుని తిని లేచిపోతాడు. ఆ నాలుగింటిలో ఒకటి చనిపోయిన మనిషిది. అదేదో అడిగితే భార్య బాధపడుతుందేమోనని నోరు మెదపలేదు. ఇక భార్య కూతురిని అడుగుదామా అంటే, ఆ పదిహేనేళ్ళ పిల్ల ఈయనతో మాట్లాడితేగా!

తప్పు ఈయనదే, కాకపోతే ఏం తప్పో ఈయనకు తెలియదు. కొత్తగా వచ్చినప్పుడు, చీకటి మూల కూర్చుని చదువుకుంటే కళ్ళు పోతాయని, పిల్ల బడికి వెళ్ళిన సమయంలో ఆమె చదువుకునే బల్లను కిటికీ దగ్గరికి జరిపాడు. పిల్ల ఇంటికొచ్చి బల్లను చూసింది, ఈయన్ను చూసింది, తలుపేసుకుంది. అప్పటినుంచి ఆ తలుపు ఈయనకు ఓ పట్టాన తెరుచుకోలేదు. ఈయన మాత్రం ఊరుకుంటాడా? తిన్నావా, నిద్ర పట్టిందా, ఫ్యాను వేయమంటావా, పరీక్ష ఎలా రాశావు అంటూ పూటపూటా తలుపు తడుతూనే ఉన్నాడు. లోపలినుంచి ‘ఊఁ’ అని వస్తే ఆ రోజుకు అదే పండగ.

ఆయన పనిచేసేది హేచరీలో. కోడిగుడ్లను మెషిన్లలో పెట్టి పిల్లల్ని తీసే చోటు. అక్కడ అందరూ ఆయన్ను గుడ్లాయన అంటారు. ఇంట్లో పిల్ల పెట్టిన పేరు వేరే ఉంది. ఓ సాయంత్రం ఫోన్లో స్నేహితురాలితో గలగలా మాట్లాడుతున్నది కాస్తా గొంతు తగ్గించి, “మా అమ్మ వాళ్ళాయన వచ్చాడు,” అనడం ఆయన చెవిన పడింది. లెక్క ప్రకారం అది నిజమే కాబట్టి నొచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

వాళ్ళు మాట్లాడుకుంటున్నది ఏదో నవల గురించి. అయిదు భాగాలు వచ్చాయి, ఆరోది రాబోతోంది. డ్రాగన్లను పెంచే కొలిమి వంశం ఒకటి, సముద్రం ఒడ్డున ఉప్పుకోట వంశం ఒకటి. కొలిమి వంశానికి మూడు డ్రాగన్ గుడ్లుండేవి. రెండు పిల్లలయ్యాయి. మూడోది పెళ్ళికానుకగా ఉప్పుకోటకు వెళ్ళింది. అక్కడ ఒక దాది దాన్ని పొయ్యి బూడిదలో పెట్టుకుని ఏళ్ళ తరబడి కాచింది. పిల్ల కాలేదు. ఎందుకు కాలేదన్నదే అభిమానులందరినీ తొలిచేస్తున్న ప్రశ్న.

“దాది కొలిమి వంశపు రక్తం కాదు కదే, అందుకని!” అంటోంది పిల్ల ఫోన్లో. “ఎంత వెచ్చగా పెట్టుకుంటే మాత్రం? పరాయి పరాయే.”

ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా అంతకన్నా ముందు ఆయనలోని హేచరీ పనివాడు చెవులు నిక్కబొడుచుకున్నాడు. గుడ్డు పిల్ల కాకపోవడమేమిటి? హేచరీలో అలాంటివి వస్తే పగలగొట్టి, ఎక్కడ ఆగిపోయిందో చూసి, కారణం తేల్చందే ఆయనకు ముద్ద దిగదు. రక్తం అనే కారణం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ వినలేదు.

మర్నాడు హాల్లో పడున్న మొదటి భాగం సంచిలో వేసుకుపోయాడు. మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడల్లా ట్రేల బండి పక్కన కూర్చుని చదివాడు. ఎవరు ఎవరికి మేనత్తో, ఎవరి బావమరిది ఎవరి కోట తగలబెట్టాడో అంతుపట్టక తల పట్టుకున్నాడు.

“ఏం గుడ్లాయనా, డ్రాగన్ పిల్లలకు కూడా ఆర్డర్లు వస్తున్నాయా?” అని తోటివాళ్ళు ఆటపట్టించారు. ఆయన నవ్వి పేజీ తిప్పాడు. చదివేకొద్దీ ఆసక్తి పెరిగింది. ఇప్పుడా గుడ్డు సంగతి తేలకపోతే పిల్ల కోసం కాకపోయినా తనకోసమైనా నిద్రపట్టేలా లేదు.

రెండో భాగం సగంలో ఉండగా, భోజనాల దగ్గర కంచంలోకి చూస్తూ అన్నాడు: “ఆ మూడో గుడ్డు... రక్తం వల్ల కాదనుకుంటా.”

పిల్ల చెయ్యి ఆగిపోయింది. “మీరు అవి చదువుతున్నారా? ఎందుకు?”

“గుడ్డు ఎందుకు పిల్ల కాలేదో తెలుసుకుందామని.” అదీ అబద్ధమేం కాదు.

“అయితే ఎందుకు కాలేదంటారు?”

ఏడాదిలో ఆ పిల్ల ఆయన అభిప్రాయం అడగడం అదే మొదలు. ఆయన కంచం పక్కకు జరిపి అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. గుడ్డుకు వేడి ఒక్కటే చాలదు. అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. కోడి ముక్కుతో తిప్పుతుంది, మా దగ్గర మెషిన్ తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అంటుకుపోతుంది. దాది బూడిదలో పెట్టిందన్నారు గానీ తిప్పిందని నేను చదివినంతలో ఎక్కడా లేదు. అంతే సంగతి.

పిల్ల కళ్ళు ఇంతయ్యాయి. చెయ్యి కడుక్కుని నేరుగా ఫోన్ తీసి అభిమానుల గ్రూపులో పెట్టేసింది. ‘మా అమ్మ వాళ్ళాయన హేచరీలో చేస్తారు, ఇది ఆయన థియరీ.’ గ్రూపు గ్రూపంతా ఆయన్ను ఆకాశానికెత్తింది. ఆ తర్వాత సాయంత్రాలు వేరేగా గడిచాయి. పిల్ల వంశవృక్షాలు గీసి చూపించేది, తప్పు చెబితే కసిరేది. “అబ్బా, ఆయన మేనమామండీ, మామగారు కాదు!” ఆ కసురు ఎంత హాయిగా ఉండేదో ఆయనకే తెలుసు.

“మీ ఇద్దరికీ ఒక గుడ్డు దొరికింది, అంట్లు మాత్రం నాకే మిగిలాయి,” అని భార్య వంటింట్లోంచి దెప్పింది గానీ, ఆ గొంతులో సంతోషం దాగలేదు.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఓ ఆదివారం పిల్ల ఫోన్ పట్టుకుని ఆయన ముందు కూలబడింది. “మనం పప్పులో కాలేశాం.”

మనం అన్న మాటకు ఆయన లోలోపల పొంగిపోతూనే ఫోన్ అందుకున్నాడు. గ్రూపులో జవాబు రాసింది జంతుప్రదర్శనశాలలో మొసళ్ళను చూసుకునే ఆవిడ. ‘కోడిగుడ్డుకు తిప్పడం ప్రాణం. మొసలి గుడ్డుకు తిప్పడం చావు. తల్లి పెట్టినది పెట్టినట్టే ఉండాలి, కదిలిస్తే లోపల ఊపిరాడక పోతుంది. అందుకే తీసేముందు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెడతాం, ఆ గుర్తు ఎప్పుడూ పైకే ఉండాలి. ఇంతకీ ఒళ్ళంతా పొలుసులున్న మీ డ్రాగన్ కోడికి చుట్టమా, మొసలికి చుట్టమా?’

ఆయనకు గాలి తీసేసినట్టయింది. ఏ గుడ్డైనా కోడిగుడ్డే అనుకున్నాడు మరి! పిల్ల అప్పటికే ఇంకా ఆయన చేరుకోని మూడో భాగం తెరిచింది. “ఇది వినండి. రోజూ పొద్దున్నే దాది గుడ్డును ఒళ్ళోకి తీసుకుని, అన్ని వైపులా వేడి తగలాలని మెల్లగా తిప్పుతూ కబుర్లు చెప్పేది. ఈ పేరా చదివి మేమంతా ఏడ్చాం తెలుసా? ఎవ్వరం గుడ్డు సంగతే ఆలోచించలేదు.”

“పాపం, ఆమెకు తెలియదు,” అన్నాడాయన.

“తెలియకపోయినా గుడ్డుకు తిరుగుడే కదా.”

పిల్ల డ్రాగన్ గురించే అంది. ఆయన మాత్రం తెరిచి ఉన్న గది తలుపులోంచి కిటికీ దగ్గరున్న బల్లను చూస్తూ ఉండిపోయాడు. తిన్నావా, పడుకున్నావా, వేయమంటావా, తీయమంటావా. ఏడాదిగా తను చేసిందేమిటి?

“ఆ బల్ల నేను కదపకుండా ఉండాల్సిందమ్మా.”

పిల్ల పుస్తకం మూసింది. “అది అక్కడ పెట్టింది నాన్న.”

“నాకు తెలియదు.”

“మీకు తెలియదని నాకు తెలుసు. అందుకే తిట్టలేకపోయా.”

“మళ్ళీ మూలకు జరపనా?”

పిల్ల గదిలోకి, బల్ల వైపు చూసింది. “వద్దు. వెలుతురు బానే ఉంది. ఇంక కదపకండి, అంతే.”

ఆ రోజునుంచి ఆయన తలుపు తట్టడం మానేశాడు. అదేమంత తేలిక కాదు. గది ముందునుంచి వెళ్తుంటే వేళ్ళు వాటంతటవే లేచేవి. హేచరీలో మెషిన్ ట్రేలను వంచే చప్పుడు వినగానే ఇంట్లో పిల్ల ఏం చేస్తోందో అనిపించేది. ఇంతా చేసి, అడగడం మానేస్తే ఈయనకు పట్టదనుకుంటుందేమోనని దిగులూ ఉండేది. అయినా పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు.

తలుపు ఓ సాయంత్రం దానంతటదే తెరుచుకుంది. పిల్ల మళ్ళీ చదువుతున్న అయిదో భాగం గుండెలకు హత్తుకుని పరుగున వచ్చింది.

“అది చావలేదు! దాదిని చెరలో వేశారు కదా? అప్పటినుంచి గుడ్డు బూడిదలోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. చచ్చిందని అందరూ అనుకున్నారే గానీ పగలగొట్టి చూసిందెవరు?”

“మరి అన్నాళ్ళు తిప్పింది కదా?”

“డ్రాగన్ అండీ. మొసలికన్నా మొండిది.”

“మరి... రక్తం సంగతో?”

“ఆ థియరీ ఎప్పుడో పోయింది. ఇన్నేళ్ళు దాన్ని చల్లారనివ్వకుండా చూసిందెవరు? రక్తమా, దాదా?” అనేసి వచ్చినంత వేగంగా లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు మాత్రం కళ్ళు చెమర్చాయి, చెమర్చాయంటే దాచడానికేముంది.

మర్నాడు పని ముగించుకుని వచ్చేసరికి తల్లీకూతుళ్ళు భోజనానికి కూర్చుని ఉన్నారు. అలవాటు చొప్పున ఆయన దగ్గర్లో ఉన్న కుర్చీ లాగబోయాడు.

“అది నాన్నది,” అంది పిల్ల కంచంలోంచి తలెత్తకుండా. “గుర్తున్న దాంట్లో కూర్చోండి.”

ఆయన చూశాడు. పిల్ల పక్కనున్న కుర్చీ వీపు మీద, పైభాగాన, పెన్సిల్‌తో చిన్న గుర్తు గీసి ఉంది.

“గుర్తు పెట్టాక కదపకూడదు, తెలుసుగా,” అంది పిల్ల.

ఆయన ఆ కుర్చీలో, ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.