కొలామి పేరు రాసిన రోజు

నేను ఒక రేకు బోర్డును. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, చుట్టూ ఇనుప చట్రం. నన్ను కోసిన రేకులోంచే కోసిన నా తోబుట్టువు బస్టాండు గోడమీద 'ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు' అంటూ నిలబడ్డాడు. వాడిమీద ఏం రాయాలని ఎవరూ గొడవపడలేదు, రాసినదాన్ని ఎవరూ పాటించనూ లేదు. నా తలరాత అలా తేలిగ్గా తేలలేదు. నామీద రాయాల్సిన ఒక్క వాక్యం కోసం మామిడిగట్టులో పెద్దమనుషులనిపించుకున్నవాళ్లంతా నెల రోజులు కొట్లాడుకున్నారు.

మామిడిగట్టు అడవి అంచున ఉన్న ఊరు. అంగడి రోజున ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఆరు భాషలు చెవిన పడతాయి. అక్కడి రేడియో కేంద్రం రెండు గదుల పెంకుటిల్లు. పెరట్లో ఒక ఇనుప స్తంభం. దాని మాట పన్నెండు కిలోమీటర్ల దాకా వినబడుతుంది. ఆ రేడియోను పట్టుబట్టి ఊరికి తెచ్చినవారు శేషాచారి సారు. బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కమిటీకి ఆయనే పెద్ద. కాబట్టి నామీద మొదటి వాక్యం ఆయనే రాశారు. పెయింటర్ సాయన్న దాన్ని నీలం రంగులో ముచ్చటగా దించాడు.

'మామిడిగట్టు రేడియో: నోరులేనివారికి నోరు.'

మర్నాడు పొద్దున కుమ్ర లేతుబాయి వచ్చింది. రోజూ రెండు గంటలు గోండిలో కార్యక్రమం నడిపేది ఆమే. ఆశ్రమ పాఠశాలలో సారు దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దుకుంది. నా ముందు నిలబడి నిదానంగా చదివింది. చెప్పులు విడిచి లోపలికి పోయింది.

"సారూ, నాకు నోరు లేదా?"

"అదేం మాటమ్మా?"

"నిన్న రెండు గంటలు మాట్లాడిన గదా. ఎవరి నోటితోని మాట్లాడిన?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వాక్యాన్ని ఆయన వారం రోజులు మనసులో చెక్కుకున్నారు. "నేను గౌరవంగానే రాసిన లేతూ," అన్నారు.

"గౌరవంగ రాసిన్రు సారూ. కాని మా గురించి రాయలే."

ఆయన సాయన్నకు కబురు పెట్టారు. ఆ సాయంత్రం సాయన్న కిరసనాయిలు గుడ్డతో నన్ను తుడిచాడు.

రెండోసారి 'తెలుగు, గోండి మరియు ఇతర భాషల రేడియో' అయ్యాను. ఇక ఎవరికీ ఏ బాధా ఉండదని సారు అనుకున్నారు. ఆదివారం ఉర్దూ కార్యక్రమం చేసే మెహరున్ ఆపా రిక్షా దిగీ దిగకముందే ఆ ఆశ ఆవిరైంది. "ఇతర అంటే ఎవరు సార్? నేనా? ఆరేండ్ల నుంచి ఈ కుర్చీల కూసుంటున్న. పేరు పెట్టి పిలిచెటందుకు ఇంక ఎన్నేండ్లు కూసోవాలె?" అంది. ఆమె వెనకే మరాఠీవాళ్లు, లంబాడీవాళ్లు వచ్చారు. 'ఇతర'లో ఉండడానికి ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. సరే, అందరి పేర్లూ రాద్దామన్నారు. మరి ఎవరి పేరు ముందు? ఆ ప్రశ్న ఇంకో పది రోజులు మింగింది. చివరికి సారే విసిగి, అక్షరక్రమంలో రాయండన్నారు. తీరా చూస్తే ఆయన తెలుగు నాలుగో స్థానంలోకి పోయింది. తనకు తానే వేసుకున్న శిక్షను ఆయన హుందాగానే భరించారు.

'ఆరు భాషల మన రేడియో. ఉర్దూ, కొలామి, గోండి, తెలుగు, మరాఠీ, లంబాడీ.'

ఆ రోజు అందరూ టీ తాగారు. నా ముందు నిలబడి ఫొటో దిగారు. మనుషులు తమ పేరు చూసుకుని మురిసిపోవడం చూడముచ్చటగానే ఉంటుంది.

మూడు రోజులకు అంగడి. కొడప రాజుబాయి అనే కొలాం తెగ ఆడమనిషి ఎగువలొద్ది గూడెం నుంచి వెదురు గంపలు నెత్తిన పెట్టుకుని దిగింది. యాభై దాటిన మనిషి, చదువు రాదు. నా నీడలో గంపలు దించి, లోపలి నుంచి వస్తున్న లేతుబాయిని అడిగింది. "ఏం రాసిన్రు బిడ్డా గీడ?"

లేతుబాయి ఉత్సాహంగా చదివింది. కొలామి అనగానే రాజుబాయి ముఖం వెలిగింది. "మా మాటనా? ఎప్పుడొస్తది? నా మనుమరాలు పొద్దుమాపు రేడియో పెడ్తది. మా మాట ఒక్కనాడు ఇనలే."

కొలామి కార్యక్రమం ఆగి రెండేళ్లయింది. దాన్ని చేసే అమ్మాయి పెళ్లై వెళ్లిపోయాక ఎవరూ ఆ అరగంట సంగతి పట్టించుకోలేదు. అక్కడ పాత పాటలు వేస్తున్నారు.

"ఇంక రాలే అవ్వా," అంది లేతుబాయి.

"రాసిన్రంటే వస్తది తియ్యి. గూడెంల జెప్త," అంటూ రాజుబాయి గంపలెత్తుకుంది. ఆమె నమ్మింది నన్ను. నేను సిగ్గుపడటమంటూ ఉంటే ఆ రోజే పడ్డాను.

లేతుబాయి నేరుగా సారు దగ్గరికి పోయింది. "కొలామి పేరు తీసేద్దాం సారూ."

"ఇప్పుడా? గురువారం పట్నం నుంచి కొత్త ట్రాన్స్‌మిటర్ ఇచ్చేవాళ్లు వస్తున్నారు. దరఖాస్తులో ఆరు భాషలని రాసినం. వాళ్లు పోయినంక మొదలుపెడదాం."

"రెండేండ్ల నుంచి 'తర్వాత' అనే అంటున్నం. నేను గూడ అన్న. నా పేరు 'ఇతర'ల లేదని సంబురపడ్డ గని, లేనోళ్ల పేరు రాస్తున్నమని సోయి లేకపాయె."

"ఒక్క మాట, లేతూ. దానికోసం ట్రాన్స్‌మిటరే పోతే? ఎగువలొద్దికి ఇప్పుడు గరగరే వినబడుతోంది. కొత్తది వస్తే వాళ్లకే మంచిది."

ఆయన చెప్పిందీ నిజమే. అందుకే ఆమె వెంటనే కదల్లేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు నన్ను చూసింది. తర్వాత సాయన్న వదిలేసిన గుడ్డ, కిరసనాయిలు డబ్బా తెచ్చి, ముక్కాలిపీట ఎక్కి, 'కొలామి' అన్న మూడక్షరాలనూ తుడిచేసింది. 'ఆరు'ను కూడా వదల్లేదు. రెండు చోట్లా నీలం మరకలు మిగిలాయి. సారు కోపంతో ఆ రోజు భోజనానికి కూడా ఇంటికి పోలేదు.

మర్నాడు లేతుబాయి బస్సెక్కి, బస్సు పోని చోట నడిచి, ఎగువలొద్దికి పోయింది. అక్కడ జరిగింది నేను చూడలేదు. తిరిగొచ్చాక ఆమె మెహరున్ ఆపాకు చెబుతుంటే విన్నాను. రాజుబాయి మొదట నవ్విందట. "నాకు చదువొస్తదా, ఏం మాట్లాడాలె?" అందట. "చదవొద్దవ్వా. గంప ఎట్ల అల్లుతవో చెప్పు. ఏ వెదురు ఎప్పుడు కొట్టాలెనో చెప్పు," అందట ఈమె. సోమవారం పొద్దున వస్తానని రాజుబాయి ఒప్పుకుందట.

"మరి టైమ్ ఎక్కడిది? ఆ అరగంట పాటలకు ప్రకటనలిచ్చేటోళ్లకు రాసిచ్చేసినం గదా," అంది ఆపా.

"నా రెండు గంటలల్ల అరగంట ఇస్త."

"మీవాళ్లు ఊకుంటరా?"

"ఊకోరు. తిడ్తరు. రేడియోలనే తిట్టుమంట." లోపలి గదిలో సారు ఇదంతా వింటూనే ఉన్నారు.

గురువారం పట్నం వాళ్లు వచ్చారు. జీపు దిగుతూనే అందులో ఒకామె నీలం మరకలను చూపించి, ఇదేమిటని అడిగింది. లేతుబాయి నోరు తెరవబోయింది. సారు ఆమెకంటే ముందు అడుగు వేశారు.

"అక్కడ ఒక భాష పేరుండేదమ్మా. ఆ కార్యక్రమం మా దగ్గర నడవడం లేదు. నడవకపోయినా రాశాం. తప్పని ఈ అమ్మాయి తుడిచింది. దరఖాస్తులో కూడా ఐదు అని దిద్దుకోండి. సోమవారం మొదలవుతుంది. మొదలయ్యాక రాసుకుంటాం."

చిన్నప్పుడు లేతుబాయి పలక మీద తప్పులు దిద్దిన మనిషి, ఈ రోజు నలుగురి ముందు తన తప్పు తానే దిద్దుకుంటున్నారు. పట్నం వాళ్లు పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లారు. ట్రాన్స్‌మిటర్ వచ్చింది, కానీ ఏడాదిన్నర ఆలస్యంగా. అంతదాకా ఎగువలొద్దికి గరగరతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

సోమవారం పొద్దున ఏడున్నరకు సాయన్న నిచ్చెన వేసుకుని, కుంచె రంగులో ముంచి ఆగాడు. "మాట వచ్చినంకనే రాస్త," అన్నాడు. ఎదురుగా టీ కొట్టులో రేడియో మోగుతోంది. ముందు దగ్గు వినబడింది. తర్వాత ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. ఆ తర్వాత రాజుబాయి గొంతు మెల్లగా మొదలై, మూడో మాటకల్లా తన గూడెం వాకిట్లో కూర్చున్నంత ధీమాగా సాగింది. అంగడికి వచ్చిన ఇద్దరు కొలాం మగవాళ్లు కావడి దించి నిలబడిపోయారు. టీ కొట్టులో ఎవరికీ ఆ భాష రాదు. అయినా ఎవరూ స్టేషన్ మార్చలేదు.

సాయన్న 'కొ' రాశాడు.

ఇదంతా జరిగి పదకొండేళ్లయింది. రేడియోకు ఇప్పుడు స్లాబు భవనం. ముందు మెరిసే లైట్ల బోర్డు పెడతారట. నేను వెనక వాననీటి తొట్టిమీద మూతగా పడుకున్నాను. రంగు సగం పోయింది, తుప్పు మూలల్లోంచి నడిచొస్తోంది. నాకేం దిగులు లేదు. కిటికీ పక్కనే కాబట్టి లోపలి మాటలన్నీ వినబడతాయి. కొత్త బోర్డుమీద ఏం రాయాలని నిన్న కూడా కమిటీ కూర్చుంది. ఒకరు 'సంస్కృతుల సంగమం' అన్నారు. ఒకరు 'భిన్నత్వంలో ఏకత్వం' అన్నారు. గొంతులు పెరిగాయి, బల్లలు చరిచారు. ఇప్పుడు కమిటీకి పెద్ద లేతుబాయి. ఆమె అందరినీ అరవనిచ్చింది. చివరికి అడిగింది.

"అవన్నీ తర్వాత రాద్దాం. ఈ వారం మన రేడియోల ఎవరు మాట్లాడలే? ముందు అది చెప్పున్రి."

ఎవరో కార్యక్రమాల రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పిన చప్పుడు వినబడింది.